కోడి కాలి కింద నేల

గంప ఎత్తగానే అన్నిటికంటే ముందు దూకే పెట్ట ఆ పొద్దు అన్నిటికంటే వెనక వచ్చింది. జొన్నలు చల్లితే నాలుగడుగులు వేసి, ఎడమకాలు పొట్టలోకి ముడుచుకుని నిలబడిపోయింది. రాత్రి గూట్లో ఇరుక్కుని బెణికి ఉంటుందని ఒకరంటారు. ఎవరి పిల్లోడో రాయి విసిరుంటాడని ఇంకొకరు. పట్టుకుని పాదం తిప్పి చూస్తే అరికాలి నట్టనడుమ మిరియపు గింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి ఉబ్బు.

కడప జిల్లా ముద్దనూరు చుట్టుపక్కల, అటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఇటు పులివెందుల దాకా, పెరట్లో కోళ్ళు సాకే చాలా ఇళ్ళకు ఈ పుండు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. వైద్యం మాత్రం ఇంటికొక తీరు. పసుపు, వేపాకు నూరి కట్టేవాళ్ళున్నారు. ఉప్పునీళ్ళలో ముంచేవాళ్ళున్నారు. బ్లేడుతో కోసి పెచ్చు పీకేవాళ్ళున్నారు. మందుల అంగట్లో మాత్ర కొని గొంతులో వేసేవాళ్ళున్నారు. ఇవేవీ పట్టించుకోక ఆదివారం పులుసు పెట్టేవాళ్ళూ ఉన్నారు. వీటిలో దేనికి ఎంత బలముంది? ఇంటి వైద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దీని వెనక ఉన్న కోళ్ళు తక్కువేం కావు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్ళు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85 కోట్ల 18 లక్షలు. అందులో పెరటి పక్షులే 31 కోట్ల 70 లక్షలు. అంతకుముందు గణనతో పోలిస్తే పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. ఫారం కోడికి కంపెనీ డాక్టరుంటాడు. పెరటి కోడికి ఆ ఇంటి ఆడమనిషే డాక్టరు.

గడ్డ లోపల ఏముంది

పశువైద్యులు దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. శాస్త్రం పెట్టిన పేరు పోడోడెర్మటైటిస్. మన మాటలో అరికాలి పుండు. మనిషి కాలికి చెప్పు ఒరిసి ఆనెకాయ కాస్తుంది చూడండి, మొదలు అలాగే ఉంటుంది. అరికాలి మెత్త మీద ఒకేచోట బరువు పడీ పడీ చర్మం మొద్దుబారుతుంది, పగులుతుంది. ఆ పగులులోంచో, ముల్లు చేసిన కంతలోంచో సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది. ఎక్కువసార్లు ఆ జీవి స్టఫైలోకాకస్ ఆరియస్. కొన్నిసార్లు పేడలో ఉండే ఈ-కోలై వంటివి తోడవుతాయి.

స్టఫైలోకాకస్ మనకు కొత్తది కాదు. 1880లో స్కాట్లాండు సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ మనుషుల సెగగడ్డల చీములో దీన్ని చూశాడు. ద్రాక్షగుత్తిలా కనిపించిందని గ్రీకు మాటతో ఆ పేరు పెట్టాడు. మన ముక్కుల్లో, చర్మం మీద ఊరికే కాపురం ఉంటుంది. ఇంకో విచిత్రం 2009లో బయటపడింది. ఎడిన్‌బరో పరిశోధకులు ముందుండి చేసిన ఒక జన్యు అధ్యయనం, బ్రాయిలర్ కోళ్ళలో కనిపించే ఈ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం అప్పటికి సుమారు 38 ఏళ్ళ కిందట ఒకేఒక్కసారి మనిషి నుంచి కోడికి దాటిన రకం సంతానమని తేల్చింది. అంటే కోడి కాలికి మనమిచ్చిన జబ్బు ఇది కావడానికీ అవకాశముంది. మనిషికీ కోడికీ మధ్య ఈ జీవి రాకపోకలు ఉన్నాయి కాబట్టి, పుండు ముట్టేటప్పుడు చేతికి తొడుగు, ముట్టిన తర్వాత సబ్బు తప్పనిసరి.

ఇంటి వైద్యుల్ని మోసం చేసే సంగతి ఒకటుంది. కోడి చీము కారదు. మనుషుల్లో, గొడ్లలో చీమును పలచగా కరిగించే ఎంజైము ఒకటి తెల్లరక్త కణాల్లో ఉంటుంది. పక్షుల కణాల్లో అది లేదు. అందుకని కోడి గడ్డలో చీము ఎండిన జున్నులా గట్టిపడుతుంది. చింతగింజంత ముద్దయి, వేళ్ళ మధ్యకు వేరులా పాకుతుంది. దీనివల్ల మూడు తిప్పలు. ఒకటి, గడ్డను ఎంత పిండినా ఏమీ రాదు, పిండితే లోపలి కండ నలిగి జబ్బు ఇంకా లోతుకు పోతుంది. రెండు, ఆ ముద్దలోకి రక్తం పోదు కనుక మింగించిన మందూ సరిగా పోదు. మూడు, పైన పెచ్చు ఎండిపోతే మానిందని అనుకుంటాం, లోపల అది పెరుగుతూనే ఉంటుంది.

కాబట్టి పుండు ఏ దశలో ఉందో ముందు తేల్చుకోవాలి. మొదటి దశలో అరికాలు ఎర్రబడి, చర్మం నున్నగా మెరుస్తుంది లేదా గరుకు తేలుతుంది. వాపు లేదు, కుంటు లేదు. రెండో దశలో వాపు, వేడి, నల్లటి పెచ్చు, కుంటు. మూడో దశలో వాపు పాదం పైకి ఉబికి, వేళ్ళ మధ్యకు, మడమ కీలుకు పాకుతుంది. ఎముకకు, నరానికి పట్టుకుంటుంది. ఇంట్లో ఏం చేయొచ్చన్న వాదమంతా ఈ మూడు దశల మీదే ఆధారపడి ఉంటుంది. దశ చెప్పకుండా మందు చెప్పేవాళ్ళ మాట నమ్మనక్కర్లేదు.

ఈ నేలకున్న ముళ్ళు

ఈ జబ్బు ప్రపంచమంతా ఉంది. అయినా ముద్దనూరు పెరడుకు సొంత కారణాలున్నాయి.

మొదటిది నాపరాయి. ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు ప్రాంతంలో తవ్వి తీసే ఈ బండలు కడప రాళ్ళన్న పేరుతో ఊరూరా నేలలకెక్కాయి. భూగర్భ శాస్త్రం వీటిని నార్జి సున్నపురాయి అంటుంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద నివేదిక రాసినప్పటి నుంచీ ఇవి పుస్తకాలకెక్కి ఉన్నాయి. మనకు మాత్రం ఇవి అరుగులు, మెట్లు, గోడలు, పెరడు పరుపులు. నున్నటి బండ మీద కోడికి ఇబ్బంది తక్కువనిపిస్తుంది, కానీ బండకు మెత్తదనం లేదు. వేపచెట్టు కొమ్మ మీద పడుకున్న పెట్ట తెల్లవారుజామున ఎగిరి బండ మీద దూకితే ఆ దెబ్బంతా అరికాలి నడిమి మెత్తకే. ఇక బండలు కోసిన చోట మిగిలే సన్నటి రాతిపెళ్ళలు బ్లేడులాంటివే. ఇల్లు కట్టగా మిగిలిన పెళ్ళలు పెరట్లో కుప్పేసి, ఆ కుప్ప మీదే కోళ్ళు గెలుకుతుంటే చూస్తూ ఊరుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి.

రెండోది కంపచెట్టు. సర్కారు తుమ్మ అనీ అంటాం. దీని కథ మన గడప ముందే మొదలైంది. మద్రాసు అటవీశాఖ అధికారి బెడోమ్ తెప్పించిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. ఈ దేశంలో ఆ చెట్టు అడుగుపెట్టిన తొలి చోట్లలో అదొకటని అటవీ చరిత్ర చెబుతుంది. కమలాపురం మనకెంత దూరమో చెప్పనక్కర్లేదు. వంటచెరకుకని తెచ్చిన చెట్టు ఇప్పుడు వంకలు, గట్లు, బీళ్ళు అన్నీ కమ్మేసింది. దాని కొమ్మలే పెరడుకు కంచె, కోళ్ళగూటికి అడ్డు. ఆ ముల్లు కాల్లో విరిగితే మనిషికే నెలలపాటు సలుపుతుంది. కోడి చెప్పుకోలేదు, అంతే తేడా. దానికి తోడు వాన తర్వాత నేలంతా పరుచుకునే పల్లేరు తీగ. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది.

మూడోది తడి. అక్టోబరు, నవంబరు వానల్లో గూటి చుట్టూ పేడ, బురద కలిసి నిలుస్తాయి. తడిసిన చర్మం మెత్తబడి, పేడలోని అమ్మోనియా దాన్ని కాలుస్తుంది. ఫారాల్లో ఈ సంగతి ఎప్పుడో తేలింది. స్వీడన్ 1990లలోనే కోత కేంద్రాల్లో బ్రాయిలర్ల అరికాళ్ళకు మార్కులు వేసే పద్ధతి తెచ్చి, షెడ్డులో పరుపు తడిగా ఉంచిన రైతును పాదాన్ని బట్టి పట్టుకుంది. షెడ్డు ఎలా నడుస్తోందో చెప్పే సాక్షి కోడి పాదమే.

నాలుగోది కూచునే కర్ర. 1994లో స్వీడన్ పరిశోధకులు టౌసన్, అబ్రహంసన్ గుడ్లకోళ్ళ మీద చేసిన అధ్యయనంలో కర్ర ఆకారం, కోడి జాతి, ఇంటి ఏర్పాటు మారితే పాదాల జబ్బు కూడా మారడం చూశారు. 2011లో మరో అధ్యయనం కోడి పాదం మీద, రొమ్ము ఎముక మీద ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచి, అది కర్ర ఆకారాన్ని బట్టి మారుతుందని చూపింది. మన గూళ్ళలో ఉండేది ఎక్కువగా సన్నటి ఇనుప కడ్డీ, లేదా కోసిన కంప కొమ్మ. రెండూ పాదానికి శత్రువులే.

అయిదోది జాతి, మేత. కిలో, కిలోన్నర తూగే నాటు పెట్టకు ఇది తక్కువ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తీర్చిన వనరాజా, బెంగళూరు గిరిరాజా వంటి పెరటి రకాలు బరువు ఎక్కువ. బరువు పెరిగితే అరికాలి మీద భారం పెరుగుతుంది. అసిల్ పుంజు కూడా బరువే, పైగా కాళ్ళతోనే బతుకు. ఇక మేతకొస్తే, నూకలు, తవుడు మాత్రమే పడేసే ఇంట్లో విటమిన్-ఎ కొరత వస్తుంది. అది కొరవడితే చర్మం బిరుసెక్కి పగులుతుంది. మన పెరట్లోనే ఉన్న మునగాకు, తోటకూర ఈ లోటు తీరుస్తాయి.

కుంటే ప్రతి కోడికీ ఇదే కాదు

వైద్యానికి ముందు రోగం అదేనా అని చూసుకోవాలి. కోడి ఒంటికాలి మీద నిలబడటం ఒక్కటే గుర్తు కాదు. హాయిగా ఉన్న కోడి కూడా ఒక కాలు ఈకల్లో దాచుకుని కునుకుతుంది. నడిపించి చూడాలి, పాదం తిప్పి చూడాలి.

అరికాలు శుభ్రంగా ఉండి కుంటుతుంటే బెణుకు కావచ్చు. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. పిల్లల వేళ్ళు లోపలికి ముడుచుకుపోతే బి2 విటమిన్ లోటు. మెడ తిరగడం, పచ్చగా పారడం, ఒకేసారి నాలుగైదు కోళ్ళు పడటం జరిగితే అది కొక్కెర తెగులు. దానికి కాలి కట్టు ఏం చేస్తుంది, టీకా ముందే వేయించి ఉండాలి. కాలి పొలుసులు లేచి సున్నం పూసినట్టు ఉంటే అది పొలుసు పురుగు. అరికాలికి సంబంధం లేదు, నూనె పూత, పశువైద్యుడిచ్చే పురుగుమందు దానికి సరిపోతాయి. ముఖం మీదా, జుట్టు మీదా, కాళ్ళ మీదా బొబ్బలుంటే అది కోడి మశూచి. రెండు కాళ్ళ కీళ్ళూ, అరికాళ్ళూ మెత్తగా వాచి పెచ్చు లేకపోతే మైకోప్లాస్మా అనే మరో సూక్ష్మజీవి కావచ్చు, అది మందంతటికీ పాకుతుంది. నల్లటి పెచ్చు, ఒకచోట గట్టి వాపు, ముట్టుకుంటే వేడి, ఈ మూడూ కలిస్తేనే అరికాలి పుండు.

నాలుగు వైద్యాలు, నాలుగు తూకాలు

పాత వైద్యం మొదట. పసుపుకు, వేపకు సూక్ష్మజీవుల్ని అణిచే గుణం కొంత ఉందని ప్రయోగశాలల్లో తేలింది. మొదటి దశలో, శుభ్రంగా కడిగిన పాదానికి ఇవి మేలే చేయవచ్చు. అయితే జున్నులా గడ్డకట్టిన చీము దాకా పైపూత చేరదు. ముద్దను మందంగా కట్టి రెండు రోజులు వదిలేస్తే అదే తడి పరుపై పాదాన్ని నానబెడుతుంది. సున్నం, బెల్లం కలిపి పెట్టడం, జిల్లేడు పాలు పోయడం, కిరోసిన్ రాయడం, వాత పెట్టడం మాత్రం మానేయాలి. సున్నం, జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి. కిరోసిన్ కూడా కాలుస్తుంది, ముక్కుతో పొడుచుకున్న కోడి కడుపులోకీ పోతుంది. ఒకప్పుడు పుండ్ల మీద చల్లిన గమాక్సిన్ సంగతి సరేసరి, విషమని ఎప్పుడో నిషేధించారు.

రెండోది నానబెట్టడం. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పో, భేదిఉప్పో కలిపి పాదాన్ని ముంచి ఉంచడం. భేదిఉప్పు అంటే మెగ్నీషియం సల్ఫేట్, ఎప్సం సాల్ట్ అనీ అమ్ముతారు. ఇది సూక్ష్మజీవిని చంపుతుందనుకోవడం పొరపాటు. పెచ్చు మెత్తబడుతుంది, మురికి పోతుంది, వెచ్చదనానికి రక్తం బాగా ఆడుతుంది. అంతే, అదీ చిన్న సంగతి కాదు. పేరులోనే భేది ఉంది కనుక కోడి ఆ నీళ్ళు తాగకుండా చూడాలి.

మూడోది కోత. పెచ్చు తొలిచి, లోపలి ముద్దను వేరుతో సహా తీసేస్తే రోగం పోతుందన్నది దీని వెనక ఆలోచన. ఆలోచన తప్పేం కాదు, పశువైద్యులు రెండో, మూడో దశల్లో చేసేది అదే. వాళ్ళు మత్తిచ్చి, శుభ్రమైన పరికరాలతో, నరం ఎక్కడుందో ఎరిగి చేస్తారు. పాదంలో వేళ్ళను ముడిచే నరాలు చర్మానికి చాలా దగ్గరగా పోతాయి. గడ్డ అనుకుని ఒక నరాన్ని కోస్తే ఆ వేలు ఇక ముడుచుకోదు. మత్తు లేకుండా కోస్తే అరవని కోడికి నొప్పి లేదనుకోకండి. వేటాడే జంతువుకు తన బలహీనత కనిపించకూడదని దాచుకోవడం పక్షి స్వభావం. చట్టం కూడా ఇక్కడ మాట్లాడుతుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం పశువైద్యాన్ని పట్టా ఉన్న వైద్యులకు అప్పజెప్పి, చిన్నాచితకా సేవల్ని వాళ్ళ పర్యవేక్షణలో సహాయకులకు వదిలింది. నానబెట్టగా తనంతట ఊడొచ్చిన పెచ్చును తీయడం వేరు, బ్లేడు దించడం వేరు.

నాలుగోది యాంటీబయాటిక్. మందులషాపులో మనుషుల మాత్ర కొని ముక్క చేసి మింగించడం మన దగ్గర సర్వసాధారణం. ముందే చెప్పినట్టు గట్టిపడ్డ చీములోకి మందు సరిగా పోదు. వ్యాధి ఎముకకు పాకినప్పుడు, ఒళ్ళంతా పాకినప్పుడు మందు అవసరమే, కానీ అప్పుడు అది ఏ మందో, ఎన్ని రోజులో నిర్ణయించాల్సింది పశువైద్యుడు. 2010 లెక్కల ఆధారంగా 2015లో వచ్చిన ఒక అంతర్జాతీయ అంచనాలో ఆహార జంతువులకు యాంటీబయాటిక్స్ వాడే దేశాల్లో చైనా, అమెరికా, బ్రెజిల్ తర్వాత మనదే నాలుగో స్థానం. 2019లో కేంద్రం కొలిస్టిన్ అనే ఆఖరి అస్త్రం లాంటి మందును కోళ్ళకు, పశువులకు వాడకుండా నిషేధించింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ మందుల్ని కూడా ఆహార జంతువులకు ఇవ్వకూడదు. మందు వాడిన కోడి గుడ్డులోకి ఆ మందు చేరుతుంది. వైద్యుడు చెప్పిన గడువు దాకా ఆ గుడ్లు తినకూడదు, పిల్లలకు అసలే పెట్టకూడదు.

నొప్పి మాత్రల విషయం విడిగా చెప్పాలి. మనుషుల డైక్లోఫెనాక్ కోడి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ మందు వేసిన పశువు కళేబరాలను తిన్న రాబందులు ఇలాగే చచ్చి, దేశంలో దాదాపు అంతరించే దాకా వెళ్ళాయి. అందుకే 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు. కోడీ పక్షే కదా. పేరు చివర "కెయిన్" ఉన్న తిమ్మిరి పూతల మందులకూ పక్షులు తేలిగ్గా దెబ్బతింటాయి, వాటినీ ఇంట్లో వాడొద్దు.

ఈ నాలుగింటిలో ఏది మేలని పెరటి కోళ్ళ మీదే పోల్చి చూసిన పరిశోధన తక్కువ. డబ్బున్న చోట పరిశోధన ఉంటుంది, ఫారంలో డబ్బుంది. అందుకే ఈ జబ్బు గురించి లోతైన అనుభవం విచిత్రంగా డేగల వైద్యుల దగ్గర పోగుపడింది. మన జిల్లా నుంచి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ళకు తెలుసు, అక్కడ వేట డేగ ఎంత ఖరీదో. 1999లో మొదలైన అబుదాబి డేగల ఆసుపత్రి లాంటి చోట్ల ఈ పాదాల పుండు నిత్యం చూసే జబ్బు. వాళ్ళు మందుతో పాటు మొదట చేసే పని, పుండు మీద బరువు పడకుండా పాదం కింద మెత్త కట్టడం, కూచునే దిమ్మె మీద కృత్రిమ గడ్డి పరవడం. లక్షల డేగకైనా, నాలుగువందల పెట్టకైనా సూత్రం ఒకటే. ఒత్తిడి తగ్గకుండా మందు పనిచేయదు.

ఇంట్లో చేసే తీరు

మొదటి దశకూ, రెండో దశ ఆరంభానికీ ఇంట్లో చేయదగ్గ పద్ధతి ఇది. పొద్దు గూకాక పట్టుకోవాలి, చీకట్లో కోడి పెనుగులాడదు. తువ్వాలలో చుట్టి కళ్ళు కప్పాలి. రొమ్మును గట్టిగా అదమకూడదు. పక్షికి మనలా ఊపిరి పొర లేదు, రొమ్ము ఎముక ఆడితేనే ఊపిరి ఆడుతుంది, అదిమితే చస్తుంది.

మన మణికట్టుకు వెచ్చగా తగిలేంత నీళ్ళు, రెండు లీటర్లకు రెండు చెంచాల ఉప్పు. పాదం పది, పదిహేను నిమిషాలు మునగాలి. తర్వాత సబ్బుతో, మెత్తటి పళ్ళ బ్రష్‌తో మురికి తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వెలుతురులో ముల్లు కనిపిస్తోందేమో చూడాలి. కొస బయటికి కనబడితే సూదిని మంటలో కాల్చి చల్లార్చి తీయవచ్చు, కనబడకపోతే వెతకొద్దు. బీటాడిన్ లాంటి అయోడిన్ ద్రవాన్ని లేత తేనీటి రంగొచ్చేలా నీళ్ళలో కలిపి కడగాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, రోజూ పోస్తే కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా తింటుంది.

ఆ తర్వాత అయోడిన్ ఆయింట్‌మెంటు పలచగా రాసి, నాలుగు మడతల గాజుగుడ్డ అరికాలికి ఆనించి, వేళ్ళ సందుల్లోంచి కట్టు తిప్పి కాలి మీద ముడి వేయాలి. వేళ్ళు చల్లబడినా వాచినా కట్టు బిగువైందని అర్థం, వెంటనే విప్పాలి. కట్టు తడిస్తే అదే రోజు, లేకపోతే రోజు విడిచి రోజు మార్చాలి. కోడిని వేరే ఉంచాలి. గంప కింద నాపబండ మీద కాకుండా, పొడి ఇసుక మీదో, నాలుగంగుళాల మందాన పరిచిన పొడి వరిపొట్టు మీదో, బూజు పట్టని శనక్కాయ పొట్టు మీదో. కర్ర ఎక్కనివ్వకూడదు. నీళ్ళు, మేత దగ్గరే పెట్టాలి. చీము అంటిన గుడ్డల్ని కాల్చేయాలి, దిబ్బలో వేస్తే మిగతా కోళ్ళు గెలుకుతాయి.

మానడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. నాలుగో రోజుకే మానలేదని మందు మార్చడం తప్పు. వారం దాటినా వాపు అంతే ఉంటే ఇంట్లోనే లాగడమూ తప్పే.

గీత ఎక్కడ

వాపు పాదం పైకి వచ్చినా, మడమ కీలు ఉబ్బినా, దుర్వాసన వచ్చినా, రెండు కాళ్ళకూ వచ్చినా, మేత మానినా, ఎముక కనిపించినా ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. మన ప్రాంతానికి పశువైద్యం అందనిదేం కాదు. ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. పులివెందులలో పశుసంపద పరిశోధనకని ప్రత్యేక కేంద్రమే కట్టారు. ఊరి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడుంటాడు. 2022 మే నుంచి రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి, 1962కు ఫోను చేస్తే పలుకుతారు. ఆవుకు ఫోను చేసే చెయ్యి కోడికి చేయదు, అదే అసలు అడ్డు. "కోడికోసం డాక్టరా సారూ" అని నవ్వుతారని సిగ్గు.

సిగ్గు కింద లెక్క కూడా ఉంది. పెట్ట ధర నాలుగైదు వందలు, బస్సు చార్జీలు, కట్లు, మందు కలిపితే అంతకు దగ్గరవుతుంది. అలాంటప్పుడు కోసుకోవడం తప్పా? నిజాయితీగా చెప్పాలంటే తప్పు కాదు. మూడో దశలో బాధపడుతున్న పక్షిని నెలలు ఈడ్చడం కంటే అది కనికరమే. కొన్ని హద్దులు మాత్రం ఉన్నాయి. చిక్కిపోయి, మేత మాని, మబ్బుగా ఉన్న కోడి మాంసం తినకూడదు, జబ్బు రక్తంలోకి దిగి ఉంటుంది. బాగా తిని తిరుగుతూ ఒక్క పాదానికే పుండుంటే ఆ కాలును మోకాలు పైనుంచి తీసి పారేయాలి, కాళ్ళ పులుసుకు అసలు ముట్టొద్దు. స్టఫైలోకాకస్ వదిలే విషం ఉడికినా పోదు. యాంటీబయాటిక్ ఇచ్చిన కోడిని గడువు దాటకుండా కోయకూడదు. మందు వేసి, మర్నాడు మనసు మార్చుకుని పులుసు పెట్టడమే అన్నిటికంటే చెడ్డ దారి.

నేలకు వైద్యం

ఇదంతా చూశాక ఒక మాట తేలుతుంది. మానిన కోడిని మళ్ళీ అదే బండల మీదికి, అదే కంప కిందికి వదిలితే నెల తిరక్కుండా రెండో కాలికి వస్తుంది. ఇంటి వైద్యంలో నిజంగా ఇంటివాళ్ళ చేతిలో ఉన్నది నేల. అక్కడ పశువైద్యుడి కంటే మనమే గట్టి.

రాతిపెళ్ళల కుప్పను పెరడు దాటించాలి. గూటి ముందు, చెట్టు కింద కోళ్ళు దూకే చోట రెండు గంపల ఇసుక పోయాలి. ఇనుప కడ్డీ తీసేసి, అంచులు నున్నగా చిత్రిక పట్టిన రెండంగుళాల వెడల్పు చెక్కపట్టెను మోకాలి ఎత్తుకు మించకుండా కట్టాలి. ఎత్తు తప్పకపోతే మధ్యలో ఒక మెట్టు. కంపకొమ్మల కంచె గూటికి నాలుగడుగుల అవతల ఉండాలి, రాలిన ముళ్ళను వారానికొకసారి ఊడవాలి. పల్లేరును పూతలోనే పీకాలి, కాయ కాశాక పీకితే పనికిరాదు. వానల్లో గూటిని నాపబండ మీద కాకుండా ఎత్తైన మట్టిదిమ్మె మీద పెట్టి, తడిసిన పొట్టును ఏ రోజుకారోజు తీయాలి. మేతలో వారానికి రెండు మూడు సార్లు గుప్పెడు మునగాకు.

ఇంకొక్క పని. నెలకొక రాత్రి, కోళ్ళు కునికే వేళ, సెల్‌ఫోను వెలుతురులో ఒక్కొక్కదాని అరికాళ్ళు తిప్పి చూడండి. ఎర్రటి మెరుపు కనిపించిందంటే రోగం ఇంకా మీ చేతిలోనే ఉంది. గోరువెచ్చని నీళ్ళు, కాసింత ఉప్పు, పొడి ఇసుక చాలు. నల్లటి పెచ్చు కనిపించిందంటే కొన్నాళ్ళు ఆలస్యమైంది. పది కోళ్ళకు పది నిమిషాలు పడుతుంది. గంప ఎత్తిన పొద్దు ముందు దూకే పెట్ట వెనకబడే దాకా ఆగితే, అప్పటికే సగం పని దాని పాదం కింద జరిగిపోయి ఉంటుంది.